దెబ్బతిన్న గుండెకు మూలకణ చికిత్స

గుండెపోటు వచ్చినపుడు ఏమి జరుగును? గుండె కండరమునకు రక్తము నందించు నాళము పూడిపోవును. కాలువ పూడిన చేను ఎండిపోయినట్లు, ఆ నాళముపై ఆధారపడిన కండరము కొన్ని గంటలలోనే చచ్చిపోవును. పెద్ద పోటులో వంద కోట్ల కణముల వరకు నశించునని శాస్త్రజ్ఞుల అంచనా. మిగిలిన కండరముపై భారము పెరిగి, క్రమముగా ఆయాసము, కాళ్ల వాపు కలుగును. దీనినే గుండె వైఫల్యము అందురు.

తెగిన చర్మము మానును. విరిగిన ఎముక అతుకుకొనును. గుండె కండరమున కట్టి శక్తి మిక్కిలి స్వల్పము. స్వీడన్ శాస్త్రజ్ఞులు 2009లో ప్రకటించిన లెక్క ప్రకారము, 25 ఏండ్ల వయసున ఏటా నూటికి ఒక కణము మాత్రమే క్రొత్తగా పుట్టును. 75 ఏండ్లకు అందులో సగము కూడ ఉండదు.

ఈ లోటును మూలకణములతో పూడ్చవచ్చునని వైద్యులు ఆశించిరి. మూలకణములనగా ఇతర కణములుగా మారగల కణములు. ఎముక మజ్జనుండి తీసిన కణములను గుండెలోనికి ఎక్కించి, అనేక దేశములలో పరీక్షించిరి. ఆశించిన ఫలము దక్కలేదు. ఈ రంగమున పేరొందిన ఒక ప్రయోగశాల పత్రములలో 31 ఉపసంహరింపదగినవని 2018లో హార్వర్డ్ వైద్య విద్యాలయము ప్రకటించినది. అయినను పరిశోధన ఆగలేదు. చర్మ కణములను మూలకణములుగా మార్చు పద్ధతిని జపాను శాస్త్రజ్ఞుడు షిన్యా యమనక 2006లో కనుగొని, 2012లో నోబెల్ బహుమానము పొందెను. అట్టి కణములనుండి పెంచిన గుండె కండరమును జపాను, జర్మనీ దేశములలో రోగులపై పరీక్షించిరి.

మన దేశమున భారత వైద్య పరిశోధనా మండలి 2017లో వెలువరించిన నియమములు స్పష్టముగా నున్నవి. రక్త సంబంధ వ్యాధులకు చేయు మజ్జ మార్పిడి వంటివి మాత్రమే ఆమోదిత చికిత్సలు. గుండెకు మూలకణములు వాడుట అనుమతి పొందిన పరీక్షలలోనే జరుగవలెను. అందుకు రోగివద్ద రుసుము తీసుకొనరాదు. కావున మూలకణములతో గుండె బాగుచేసెదమని లక్షలు అడిగినచో, పొలము అమ్మి ఇచ్చుటకు పూర్వము అనుమతి పత్రము చూపుమని అడుగవలెను.

ఇప్పటికి నిలిచిన మార్గములు మందులు, నాళమున స్టెంటు వేయుట, బైపాస్ శస్త్రచికిత్స. ఇవేవియు పనిచేయని దశలో గుండె మార్పిడి. దాత గుండెను సుమారు నాలుగు గంటలలో అమర్చవలెను. 2025 జనవరి 17న ఎల్.బి.నగర్‌లోని కామినేని ఆసుపత్రినుండి ఒక దాత గుండెను మెట్రో రైలులో చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా లక్డీకాపూల్‌లోని గ్లెనీగల్స్ గ్లోబల్ ఆసుపత్రికి చేర్చిరి. 13 కిలోమీటర్ల దూరమునకు 13 నిమిషములు పట్టినవి. రైలు ఎంత వేగముగా నడిచినను, దాత కుటుంబము సమ్మతింపనిదే ఆ గుండె కదలదు. తెలంగాణమున అవయవదానమును జీవన్‌దాన్ సంస్థ నిర్వహించుచున్నది.

పంచాయతీ సభ్యులకు మేము మనవి చేయునది రెండు మాటలు. ఛాతీలో నొప్పి అనగానే జాగు చేయక 108 వాహనమును పిలిపించుడు. చచ్చిన కండరమును తిరిగి తెచ్చుటకన్న, చావబోవు కండరమును కాపాడుట సులభము. అవయవదానమును గూర్చి గ్రామసభలో ముందే చర్చింపుడు. దుఃఖ సమయమున తొలిసారి విన్న మాటకు సమ్మతి తెలుపుట ఎవరికైనను కష్టము.