కడుపుతో ఉన్నప్పుడు కమ్ముకొచ్చే గాభరా

గర్భిణికి ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరి అందక, వేళ్లు తిమ్మిరెక్కి, ప్రాణం పోతుందేమోనన్న భయం ముంచుకొచ్చే స్థితిని వైద్యులు పానిక్ అటాక్ అంటారు. ఇది సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, క్రమంగా తగ్గుముఖం పడుతుంది. రోజుల తరబడి వదలకుండా నిద్రను, ఆకలిని చెడగొట్టే ఆందోళనను యాంగ్జైటీ అంటారు.

కడుపుతో ఉన్నప్పుడు ఈ స్థితిని పోల్చుకోవడం కష్టం. ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ ప్రభావంతో శ్వాస సహజంగానే లోతవుతుంది. ఒంట్లో రక్తం పరిమాణం 40 నుంచి 50 శాతం దాకా పెరిగి, గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఈ మామూలు మార్పులనే ముప్పుగా భావించి భయపడితే ఊపిరి మరింత వేగమై, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, తిమ్మిర్లు, కళ్లు తిరగడం మొదలవుతాయి. వాటిని చూసి భయం రెట్టింపవుతుంది. అప్పుడు వీపుకు ఆసరా ఉండేలా కూర్చుని, లోపలికి తీసుకున్నదానికన్నా ఎక్కువ సేపు నెమ్మదిగా ఊపిరి వదిలితే ఈ చక్రం తెగుతుంది. పక్కనున్నవారు చుట్టూ మూగి ప్రశ్నలు వేయక, ఒకరే దగ్గర కూర్చుని చేయి పట్టుకోవడం మేలు.

గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠల నడుమనున్న కోనసీమలో భయానికి నిజమైన కారణాలూ ఉన్నాయి. 2022 జూలైలో వచ్చినటువంటి గోదావరి వరదల్లో లంక గ్రామాల నుంచి బయటపడేందుకు పడవే దిక్కు. పైగా భర్త గల్ఫ్‌లో ఉన్న ఇళ్లూ ఇక్కడ తక్కువేమీ కావు. అటువంటి ఇల్లాలికి ధైర్యంగా ఉండమని చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. కాన్పు అమలాపురంలోనా, రాజోలులోనా, కొత్తపేటలోనా, వెంట ఎవరు వెళ్తారు, వరద హెచ్చరిక వస్తే ఏ బంధువుల ఇంటికి ముందే చేరాలి అన్నవి ఏడో నెలలోనే తేల్చుకుంటే ఆందోళన సగం తగ్గుతుంది.

మొదటిసారి ఇలాంటి గాభరా కమ్ముకొస్తే దిష్టి అనో గాలి సోకిందనో ఇంట్లోనే ఉంచక, వైద్యులకు చూపించాలి. రక్తహీనత, థైరాయిడ్ లోపాలు కూడా దడ పుట్టిస్తాయి. ఛాతీ నొప్పి, తగ్గని ఆయాసం, రక్తస్రావం, కళ్లు మసకబారేంత తలనొప్పి, బిడ్డ కదలిక తగ్గడం వంటివి కనిపిస్తే గాభరాయే అని కొట్టిపారేయక వెంటనే 108కు ఫోన్ చేయాలి.

భయపెట్టే ఆలోచనలను పరీక్షించి మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స చాలామందికి సరిపోతుంది. అవసరమైతే గర్భిణులకు ఇవ్వదగిన మందులూ ఉన్నాయి. ఇదివరకే మందులు వాడుతున్నవారు గర్భం తెలియగానే వాటిని తమంతట తాము ఆపేయడం ప్రమాదకరం. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ సేవలో 14416 నంబరుపై తెలుగులోనే ఉచితంగా సలహా దొరుకుతుంది. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు జరిగే పరీక్షల నాడు, రక్తపోటుతో పాటు ఈ దడ, నిద్రలేమి సంగతి కూడా గర్భిణి గాని, వెంట వచ్చిన అత్తగారు గాని, ఆశా కార్యకర్త గాని వైద్యుల చెవిన వేయాలి.