బోరుబావిలో నీటి ఒత్తిడి తగ్గుట

బోరుబావిలో నీటి ఒత్తిడి తగ్గుట అనగా సబ్‌మెర్సిబుల్ పంపు పైకి తోడే నీటి ధార మునుపటికంటే సన్నబడటం. తెలంగాణలోని ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో (ఇవి 2016లో పలు జిల్లాలుగా విభజించబడ్డాయి) కాలువ నీరు అందని మెట్ట గ్రామాలకు ఇది తరచుగా ఎదురయ్యే సమస్య. ధార తగ్గగానే బోరు ఎండిందని భావించి, అప్పుచేసి కొత్త బోరు వేయించే రైతులు అనేకులు. కాని లోపం పైపులోనో, పంపులోనో, విద్యుత్తులోనో ఉండవచ్చు.

భూగర్భ పరిస్థితి

ఈ ప్రాంతపు నేల అడుగున ప్రధానంగా గ్రానైటు, నైసు శిలలున్నాయి. నీరు నిలిచేది పైనున్న శిథిల శిలాపొరలోను, దాని కింది పగుళ్ళలోను మాత్రమే. అందుచేత ఒక బోరు నిండుగా పోస్తుండగా పక్క చెలకలోని బోరు ఎండిపోవటం వింతేమీ కాదు. నీటిమట్టం 10 మీటర్లు దిగితే పంపుపై చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో అదనపు ఒత్తిడి పడుతుంది, ధార ఆ మేరకు తగ్గుతుంది.

లోపాన్ని గుర్తించుట

మొదటి పరీక్షకు పనిముట్లేవీ అవసరం లేదు. రాత్రంతా మోటారు ఆపి ఉదయం వేయాలి. ధార మొదట నిండుగా వచ్చి, కొంతసేపటికి సన్నబడి, గాలితో కలిసి ఆగి ఆగి వస్తే ఊట చాలటం లేదని అర్థం. అప్పుడు స్టార్టరు వద్ద అమ్మీటరు ముల్లు కూడా కిందికి పడుతూ ఊగుతుంది. నీరు లేకుండా తిరిగితే మోటారు కాలిపోతుంది కనుక వెంటనే ఆపివేయాలి. గేటు వాల్వును కొంత మూసి ఊటకు తగినంతే తోడుకుంటే అదే బోరు ఇంకా పనికి రావచ్చు.

మొదటి నిమిషం నుండే ధార సన్నగా, ఒకే తీరుగా ఉంటే ఊటను అనుమానించే ముందు పైపును చూడాలి. మోటారు నడుస్తుండగా కేసింగు వద్ద చెవి పెడితే లోపల నీరు జారిపడే శబ్దం వినవచ్చు. పైపు పగిలిందనటానికో, కప్లింగు వదులైందనటానికో ఇది గుర్తు. శబ్దం లేకపోతే ఇంపెల్లర్లు ఇసుకకు అరిగి ఉండవచ్చు, పంపు జాలీ మూసుకుపోయి ఉండవచ్చు. పంపును పైకి తీస్తేగాని ఇవి తేలవు.

తక్కువ వోల్టేజి వలన కూడా ధార తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మరు మరమ్మతు తరువాతే తగ్గితే ఫేజులు తారుమారై మోటారు వెనుకకు తిరుగుతూ ఉండవచ్చు. మూడు ఫేజులలో ఏ రెండింటిని మార్చినా సరిపోతుంది. ఇది ఎలక్ట్రీషియను చేయవలసిన పని.

పంపును దించుట

నీటిమట్టం పడిపోయిన బోరులో మరికొన్ని పైపులు కలిపి పంపును దించటం వాడుకలో ఉంది. నీరు ఎత్తవలసిన ఎత్తు నీటిమట్టం నుండి లెక్కకు వస్తుంది కాబట్టి, దించినంత మాత్రాన పంపుపై భారం పెద్దగా పెరగదు. అలాగని ఊట కూడా పెరగదు. కేసింగు కింద బోరు ఇంకా లోతు ఉన్నప్పుడే, అదీ అడుగున చేరిన ఒండ్రు పంపుకు తగలనంత వరకే దించాలి.