ఫ్రేము పాతదే.. చూపు కొత్తది
కళ్లజోడులో అద్దాలు మాత్రమే మార్చుకునేవారు గమనించాల్సిన అంశాలు

జనగామ: కళ్లజోడుతో చూపు ఆనకపోతే జోడు మొత్తం మార్చాల్సిందేనన్న అభిప్రాయం పల్లెల్లో బలంగా ఉంది. ఆ ఖర్చుకు వెనుకాడి, గీతలు పడిన అద్దాలతో, ఎప్పటిదో పవరుతో ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్నవారు ఎందరో ఉన్నారు. ఫ్రేము గట్టిగా ఉంటే అందులోని అద్దాలను మాత్రమే మార్చుకునే వీలుంది. అయితే ఫ్రేము పాతదైనా పవరు పాతది కాకూడదు. కొత్త అద్దం కంటిపాపకు ఎదురుగా సరైన చోట కూర్చోవాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా పెట్టిన సొమ్ము వృథాయే.

తెలంగాణలో కంటివెలుగు తొలి విడత 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లోనూ, రెండో విడత 2023 జనవరిలో ఖమ్మంలోనూ ప్రారంభమయ్యాయి. ఊరూరా శిబిరాలు నిర్వహించి, అవసరమైనవారికి ఉచితంగా కళ్లద్దాలు అందజేశారు. ఆనాటి జోడునే నేటికీ వాడుతున్నవారికి ఆ పవరు ఇప్పుడు సరిపోతుందన్న భరోసా లేదు. నలభై దాటాక మొదలయ్యే చత్వారం దాదాపు అరవై ఏళ్ల వరకు క్రమంగా పెరుగుతూ ఉండటమే ఇందుకు కారణం.

పరీక్ష తర్వాతే అద్దం

పాత అద్దాన్ని లెన్సోమీటరు అనే పరికరంలో పెడితే దాని పవరు తెలుస్తుంది. అదే పవరుతో కొత్త అద్దాలు వేయించుకోవడం సులువైన మార్గంగా కనిపిస్తుంది. కానీ ఆ పరికరం చెప్పేది అద్దం సంగతే తప్ప కంటి సంగతి కాదు. అందువల్ల ముందుగా కంటి పరీక్ష చేయించుకుని చీటీ తీసుకోవాలి.

మధుమేహం ఉన్నవారిలో రక్తంలో చక్కెర హెచ్చుతగ్గులను బట్టి పవరు కూడా మారుతుంటుంది. చక్కెర అదుపులోకి వచ్చాకే వీరు అద్దాలకు కొలతలు ఇవ్వడం మేలు. శుక్లం శస్త్రచికిత్స చేయించుకున్నవారు వైద్యులు చెప్పిన గడువు వరకు, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు, ఆగాలి. చూపు ఉన్నట్టుండి తగ్గితే అది అద్దాలతో తీరే సమస్య కాకపోవచ్చు. ఆలస్యం చేయకుండా కంటి వైద్యుని సంప్రదించాలి.

చీటీలో ఏముంటుంది?

కుడి, ఎడమ కళ్లకు వేర్వేరుగా అంకెలు ఉంటాయి. మైనస్ గుర్తు ఉంటే దూరపు చూపు తక్కువని, ప్లస్ ఉంటే దానికి భిన్నమైన లోపమని అర్థం. పవరును పావు డయాప్టరు చొప్పున పెంచుతూ, తగ్గిస్తూ నిర్ణయిస్తారు. సిలిండర్ అన్న గడిలో అంకె ఉంటే పక్కనే యాక్సిస్ డిగ్రీలు తప్పనిసరిగా ఉండాలి. 'యాడ్' అన్నది చదువుకోవడానికి అదనంగా కలిపే పవరు. వీటితో పాటు రెండు కంటిపాపల మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో రాయించుకోవాలి. చాలా చీటీల్లో ఇదే కనిపించదు.

కేంద్రం తప్పితే తలనొప్పి

ప్రతి అద్దానికీ ఒక కాంతి కేంద్రం ఉంటుంది. అది కంటిపాపకు ఎదురుగా రావాలి. నాలుగు డయాప్టర్ల అద్దంలో ఈ కేంద్రం అర సెంటీమీటరు పక్కకు జరిగితే, మీటరు దూరంలోని వస్తువు రెండు సెంటీమీటర్లు జరిగినట్లు కంటికి తోస్తుంది. రెండు కళ్లూ ఆ తేడాను సర్దుకోవడానికి శ్రమపడటంతో తలనొప్పి, కళ్లు లాగడం మొదలవుతాయి. పవరు పెరిగే కొద్దీ ఈ ఇబ్బంది హెచ్చుతుంది. అందుకే ఫ్రేమును దుకాణంలో వదిలి రాకుండా, ముఖానికి పెట్టుకుని కొలతలు ఇవ్వాలి.

బైఫోకల్ అద్దాల్లో కింది భాగపు గీత సాధారణంగా కింది కనురెప్ప అంచు వద్దకు రావాలి. అంతకంటే పైకి వస్తే నడిచేటప్పుడు నేల మసకబారి, మెట్ల వద్ద తడబాటు తప్పదు. గీత లేని ప్రోగ్రెసివ్ అద్దాలకు తగినంత ఎత్తున్న ఫ్రేము అవసరం. సన్నని పాత ఫ్రేములో వేయిస్తే చదివే భాగం కోతలో పోయే ప్రమాదం ఉంది.

ఏ ఫ్రేము పనికొస్తుంది?

* లోహపు ఫ్రేములో అంచును బిగించే మర తుప్పు పట్టకుండా ఉండాలి. అతుకులు వదులైతే కొత్త అద్దం నిలవదు.

* ప్లాస్టిక్ ఫ్రేమును వేడి చేసి, మెత్తబడ్డాక అద్దం ఎక్కిస్తారు. ఏళ్లు గడిచి ఎండిన ఫ్రేము ఈ దశలో చిట్లవచ్చు. విరిగితే బాధ్యత ఎవరిదో ముందే మాట్లాడుకోవాలి.

* సగం ఫ్రేముకు దారం కొత్తది వేయించాలి. ఫ్రేము లేకుండా రంధ్రాలతో బిగించేవాటికి, పగుళ్లను తట్టుకునే పాలీకార్బనేట్ వంటి అద్దాలే మంచివి.

* పిల్లల ముఖం ఎదుగుతుంటుంది కనుక బిగుతైన పాత ఫ్రేమును కొనసాగించరాదు. వారికి సులువుగా పగలని పాలీకార్బనేటే క్షేమం.

గాజుకు గీతలు తక్కువ పడినా బరువు ఎక్కువ, పగిలితే కంటికి ప్రమాదం. సాధారణ ప్లాస్టిక్ అద్దం తేలిక, కానీ గీతలు పడకుండా పూత ఉండాలి. దృష్టిలోపాన్ని సరిచేసే కళ్లద్దాలపై జీఎస్‌టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. అద్దం రకం, పవరు, పన్ను రాసిన బిల్లు అడిగి తీసుకోవాలి.

తీసుకునే ముందు

కొత్త జోడును దుకాణంలోనే లెన్సోమీటరుతో పరీక్షింపజేసి, చీటీలోని అంకెలతో సరిచూసుకోవాలి. కుడి ఎడమలు తారుమారు కాలేదని నిర్ధారించుకోవాలి. అద్దాలు వేయడానికి పట్టణానికి పంపాల్సి వస్తే ఫ్రేము కొన్ని రోజులు చేతిలో ఉండదు. వాహనాలు నడిపేవారు, కుట్టుపని చేసేవారు అప్పటివరకు మరో జోడు చూసుకోవాలి. పాత అద్దాలను అక్కడే వదిలేయకుండా వెంట తెచ్చుకోవాలి. కొత్త పవరుకు కళ్లు అలవాటు పడటానికి కొద్ది రోజులు పడుతుంది. రెండు వారాలు దాటినా తలనొప్పి, తూలుడు తగ్గకపోతే ఆ జోడును, చీటీని తీసుకుని పరీక్ష చేసినవారి వద్దకే తిరిగి వెళ్లాలి.