లంకమల కలివికోడి: మన చేతిలోని అమానత్



ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు మీదుగా బద్వేలుకు పోయే దారిలో లంకమల కొండలు కనిపిస్తాయి. వాటి కింది కంపపొదలే కలివికోడికి నివాసం. ప్రపంచంలో మరెక్కడా దీని ఉనికి ఖాయంగా తెలియదు. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. పగలు పొదల నీడన దాక్కుంటుంది, రాత్రి చెదలు, చీమలు, పురుగులు ఏరుకు తింటుంది. పొద్దుగుంకాక కాసేపు మాత్రమే కూస్తుంది.

1848లో జెర్డాన్ అనే వైద్యుడి ద్వారా ఈ పక్షి లోకానికి తెలిసింది. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం సమీపాన రెడ్డిపల్లె వద్ద ఒక స్థానికుడి చేతికి చిక్కింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాన్ని గుర్తించారు. ఆ తర్వాత ఆ ప్రాంతం శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యమైంది. తెలుగుగంగ కాలువ దారిని కూడా దీనికోసం మార్చారు.

ఇంత అరుదైన పక్షిని వెతికేదెట్లా? పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి పాదముద్రలు చూశారు. రికార్డు చేసిన కూత వినిపించి, జవాబు కోసం చెవి ఒగ్గారు. అలా తెలిసిందేమంటే, దీనికి దట్టమైన అడవీ పనికిరాదు, బోడినేలా పనికిరాదు. పొదలు, మధ్యమధ్య ఖాళీ నేల రెండూ కావాలి. జేసీబీతో పొదలు పెరికి చేను చేసినా, వంటచెరకుకు నరికినా దీని గూడు పోయినట్టే.

ఇక్కడే మనం ఆలోచించాలి. చెట్టు నాటడం సదఖా. దాని పండును పక్షి తిన్నా నాటినవారికి పుణ్యమేనని దైవప్రవక్త (స) బోధించారు. అయితే కంపపొదలను బీడనుకొని వాటిని తీసేసి మొక్కలు నాటితే, ఒక ప్రాణికి నీడ ఇస్తూ మరొక ప్రాణి ఇల్లు కూల్చినవాళ్లమవుతాం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో మస్జిదు ఆవరణలు, ఖబ్రస్తాన్లు, మదరసాలు, పాఠశాలలు, వీధులు ఉన్నాయి. మన మొక్కలకు అవే తగిన చోట్లు. గుట్టల కింది పొదలను మాత్రం పొదలుగానే వదిలేద్దాం. అక్కడ భూమి ఉన్నవారు కొంత మేరైనా పెరికించకుండా ఉంచితే అదీ సదఖాయే.

పక్షులు కూడా మనలాంటి సముదాయాలేనని దివ్యఖుర్ఆన్ తెలియజేస్తోంది. మన జిల్లాకు దక్కిన ఈ సముదాయం అమానత్. దాన్ని కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.