మిషన్ ఆసుపత్రిలో మిషన్ లేదా? సేవా సంస్థలు నడిచే తీరుకు కొన్ని ఇంటి పోలికలు



ఓపీ వరండాలో టోకెన్ పట్టుకుని కూర్చున్న ఒక పెద్దమ్మ మొన్న మమ్మల్ని అడిగారు. "మీది మిషన్ ఆసుపత్రి అంటారు కదా నాయనా, మరి కొత్త స్కానింగ్ మిషన్ ఏదీ? చిన్న చిన్న దవాఖానాల్లో కూడా ఉందే!" చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. మేమూ నవ్వాం. కానీ అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. వచ్చిన కానుకల డబ్బుతో మిషన్ కొనాలా, లేక షుగరు, టీబీ రోగుల ఇళ్లకు వెళ్లి చూసివచ్చే ఒక నర్సమ్మకు జీతం ఇవ్వాలా? ఏ చిన్న ఆసుపత్రి కమిటీకైనా నిద్ర పట్టనివ్వని లెక్క ఇది. రెండూ మంచి పనులే. డబ్బు మాత్రం ఒక్కదానికే సరిపోతుంది.

ఇలాంటి చోట ఆలోచించి తేల్చుకునే పద్ధతికి పెద్ద పుస్తకాల్లో వ్యూహం, నాయకత్వం అని పేర్లు ఉన్నాయి. ఆ మాటలు వినగానే మనకు యుద్ధమో, ఎన్నికలో గుర్తుకొస్తాయి. నిజానికి ఇల్లు నడిపే ప్రతి తల్లీ రోజూ చేసే పనే అది. అందుకే ఈసారి ఆ విషయాన్ని ఐదు పోలికలతో చెప్పుకుందాం. వాటిలో కొన్ని మన కిషన్‌బాగ్ చుట్టుపక్కలవే.

1. ఆటో అతను అడిగే మొదటి మాట

మనం ఆటో ఎక్కగానే అతను అడిగేది "ఎక్కడికి?" అని. ఏ దారి, ఎంత కిరాయి అన్నవి తర్వాతి మాటలు. అఫ్జల్‌గంజ్ అని చెప్పాక పురానాపూల్ దగ్గర ఊరేగింపు అడ్డం వస్తే అతను దారి మారుస్తాడు. మనల్ని మాత్రం అఫ్జల్‌గంజ్‌లోనే దించుతాడు. సంస్థకు కూడా చేరవలసిన చోటు ఒకటే, దారులు చాలా ఉంటాయి. చిక్కు ఎక్కడ వస్తుందంటే, కొన్నాళ్లకు మనం దారినే గమ్యం అనుకుంటాం.

ఈ తప్పు మేమూ చేశాం. ఒక ఏడాది ఉచిత వైద్య శిబిరం పెట్టాం. ఎంతమంది వచ్చారు, ఎన్ని మందు చీటీలు రాశాం అని లెక్క వేసుకుని సంతోషించాం. కొన్ని నెలల తర్వాత కాలి వేలు నల్లబడిన ఒకాయన మా దగ్గరికే వచ్చారు. ఆయన సంచిలోంచి తీసిన కాగితాల్లో మా శిబిరం చీటీ కూడా ఉంది. షుగరు చాలా ఎక్కువగా ఉందని మేమే రాశాం. ఆ తర్వాత ఆయన మందు కొన్నారా, వాడుతున్నారా, కాలికి ఏమైనా దెబ్బ తగిలిందా అని అడిగినవాళ్లు లేరు. చివరికి వేలు తీసేయవలసి వచ్చింది.

ఆయన కాళ్లు క్షేమంగా ఉండడం గమ్యం. శిబిరం దానికి ఒక దారి మాత్రమే. మేము దారిని లెక్కపెట్టాం, గమ్యాన్ని మరిచిపోయాం. ఇప్పుడు చీటీలు ఎన్ని రాశామని కాదు, చీటీ తీసుకున్నవాళ్లలో మూడు నెలల తర్వాత ఎందరికి షుగరు అదుపులో ఉందని చూసుకుంటున్నాం. ఆ లెక్క అంత గొప్పగా కనిపించదు. కానీ అదే అసలు లెక్క.

2. కింద బకెట్టా, పైన కప్పా?

వానాకాలంలో ఇల్లు కారితే ముందు కింద బకెట్ పెడతాం. అది పెట్టవలసిందే. అయితే ప్రతి ఏడాదీ బకెట్లే కొంటూ ఉంటే ఎవరైనా ఏమంటారు? "ఒకసారి పైకెక్కి చూడవయ్యా" అంటారు.

మన మూసీ కథ కూడా ఇదే. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద నగరాన్ని ముంచేసింది. వేలమంది చనిపోయారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని నేటికీ చెప్పుకుంటారు. వరద తగ్గాక అన్నం, బట్టలు, గూడు ఇవ్వడం అవసరమైన బకెట్ పని. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన నగరంలో మునిగిన వీధుల దగ్గరే ఆగిపోలేదు. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో ఎగువన చూశారు. మూసీ మీద, దాని ఉపనది ఈసా మీద జలాశయాలు కట్టాలని సలహా ఇచ్చారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదకు అడ్డుకట్ట పడింది, నగరానికి తాగునీరూ దొరికింది.

షుగరు రోగంలో కాలి పుండుకు కట్టు కట్టడం బకెట్. దాని ఎగువన ఏముంది? అదుపులో లేని షుగరు, మొద్దుబారిన నరాలు, చెప్పులు లేని నడక, మానేసిన మాత్రలు. షుగరు వల్ల కాళ్లు తీసేయవలసి వచ్చే సందర్భాల్లో చాలా భాగం ఒక చిన్న పుండుతోనే మొదలవుతాయి. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూసుకోవడం, కనిపించకపోతే ఇంట్లో పిల్లలను చూడమనడం, ఇవే ఎగువన కట్టే కట్టలు.

ఒక హెచ్చరిక కూడా ఉంది. కట్ట కట్టేశాం కదా అని నిద్రపోకూడదు. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీలో ఎన్నో బస్తీలు నీట మునగడం మనం కళ్లారా చూశాం. చెరువులు, నాలాలు, గేట్లు, అన్నిటినీ కనిపెట్టుకుని ఉండాలి. షుగరు అదుపులోకి వచ్చిందని మందు మానేయడం కూడా కాపలా మానేయడమే.

3. ఫీజు డబ్బా, బియ్యం డబ్బా

చాలా ఇళ్లలో అమ్మ దగ్గర రెండు మూడు డబ్బాలుంటాయి. పిల్లల ఫీజు ఒకదాంట్లో, బియ్యం డబ్బు ఒకదాంట్లో. పండగకు చీర కొనుక్కుందామన్నా ఫీజు డబ్బా ముట్టదు. చీర చెడ్డదని కాదు, ఆ డబ్బు దానిది కాదని. మంచి పనికి కూడా "ఇప్పుడు కాదు" అనగలగడం నాయకత్వంలో కష్టమైన భాగం.

1876-78 నాటి పెద్ద కరువులో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ గారికి ఈ పరీక్ష ఎదురైంది. ఊరికే అన్నం పెడితే ఎన్నాళ్లు పెట్టగలరు? ఆయన బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుగా తీసుకున్నారు. ఆకలితో వచ్చినవాళ్లకు పని, పనికి కూలి దొరికాయి. అదే సమయంలో చాలామంది బాప్తిస్మం అడిగారు. సంఖ్య పెంచుకోవాలనుకునేవారికి అంతకంటే మంచి అదను ఉండదు. ఆయన మాత్రం కరువు కాలమంతా ఆపేశారు. కూలి డబ్బా వేరు, విశ్వాసం డబ్బా వేరు. అన్నం కోసం చేరారన్న మాట ఎవరికీ రాకూడదని ఆయన ఉద్దేశం. కరువు సడలి, ఆ కూలి ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చి అడిగారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

అన్ని మతాలవాళ్లూ కలిసి ఉండే మన కిషన్‌బాగ్‌లో ఈ పాఠం మాకు రోజూ పనికొస్తుంది. ఓపీ చీటీ రాసేటప్పుడు బాధ ఏమిటని అడుగుతాం, మతం ఏదని అడగం. వైద్యానికి బదులుగా ఏదీ ఆశించకపోతేనే ఆ వైద్యం మీద నమ్మకం నిలుస్తుంది.

4. వండకూడని విత్తనాల మూట

రైతు ఇంట్లో ఎంత కరువొచ్చినా విత్తనాల మూట విప్పి వండుకోరు. ఈ రోజు కడుపు నిండితే వచ్చే ఏడాది పొలం ఎండుతుంది.

మన తెలుగువాళ్లు రాయవేలూరు అని పిలిచే వెల్లూరు ఆసుపత్రి కథలో ఈ మూట కనిపిస్తుంది. మగ డాక్టరును రానివ్వని ఇళ్లలో కాన్పు కష్టమై ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు చనిపోవడం చూసి, ఐడా స్కడర్ గారు డాక్టరు కావాలని నిశ్చయించుకున్నారు. 1900లో వెల్లూరులో ఒకే పడకతో చిన్న వైద్యశాల మొదలుపెట్టారు. రోగులు కుప్పలుగా వచ్చేవారు. పగలూ రాత్రీ తానే చూస్తూ పోయినా ఆమెకు చేతినిండా పని ఉండేది. అయినా కొంత సమయాన్ని, డబ్బును పక్కకు తీసి చదువు చెప్పడానికి పెట్టారు. 1909లో నర్సుల శిక్షణ, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల మొదలయ్యాయి. మొదటి జట్టులో 14 మంది చదువు పూర్తిచేసి డాక్టర్లుగా బయటికి వచ్చారు. ఆ గంటల్లో ఆమె ఇంకొందరు రోగులను చూడగలిగేవారే. కానీ ఈ రోజు కాట్పాడి స్టేషన్‌లో రిపోర్టుల కవర్లు పట్టుకుని దిగే తెలుగు కుటుంబాలకు వైద్యం దొరుకుతున్నదంటే, నాడు వండకుండా దాచిన ఆ విత్తనాల వల్లే.

5. మీరాలం చెరువు కమానులు

జూపార్కుకు పిల్లలను తీసుకెళ్లినప్పుడు పక్కనున్న మీరాలం చెరువు కట్టను చూడండి. 1804-1806 మధ్య కట్టిన ఈ కట్ట ఒకే తిన్నని గోడ కాదు. 21 అర్ధచంద్రాకారపు కమానులు పక్కపక్కన నిలబడి ఉంటాయి. ప్రతి కమానూ నీటివైపు ఉబ్బి ఉంటుంది. నీళ్లు ఎంత బలంగా నెట్టినా ఆ భారం వంపు వెంట పక్కకు పాకి, కమానుల మధ్య ఉన్న దిమ్మెలకు చేరుతుంది. ఏ ఒక్క రాయీ మొత్తం చెరువును మోయదు. అందుకే రెండు వందల ఏళ్లు దాటినా కట్ట నిలిచి ఉంది.

మంచి నాయకుడు చెరువంతటినీ ఒక్కడే ఆపే గోడలా నిలబడాలనుకోడు, కమానులు కడతాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం తగవులన్నీ ఒక్కడే తీరుస్తున్న మోషేను చూసి, మామ యిత్రో ఇలాగైతే నువ్వూ అలసిపోతావు, జనమూ అలసిపోతారని చెప్పి, భారం పంచమన్నాడు. మన పొరుగింటివారు మూసా నబీ అని గౌరవించేదీ ఆ మోషేనే. ఈ తెలివి అందరిదీ.

ఇంట్లో రోగిని చూసుకోవడం కూడా ఇంతే. మందులు, వంట, ఆసుపత్రికి తిప్పడం, రాత్రి మేలుకోవడం అన్నీ ఒక్క కోడలి మీదే పడితే ముందు విరిగేది ఆమె నడుమే. మామూలు టీబీ మందులు ఆరు నెలలు వాడాలి. ఇంత కాలం ఒక్కరే గుర్తుపెట్టి ఇవ్వడం కష్టం. ఒకరు మాత్ర వేయించాలి, ఒకరు అట్ట చూసి మందు తెప్పించాలి, ఒకరు ఆసుపత్రికి తోడు రావాలి.

పెద్దమ్మకు మా జవాబు

పెద్దమ్మా, ఈ ఏడాదికి ఆ డబ్బు నర్సమ్మకే. స్కానింగ్ అవసరమైనవాళ్లకు చీటీ రాసి, అది ఉన్నచోటికి పంపుతాం. దీనివల్ల కొందరికి ఆటో కిరాయి, ఒక పూట కూలి నష్టం. అది మాకు తెలుసు. ఆ భారం మీ మీద పడుతున్నందుకు బాధగానే ఉంది. కానీ శిబిరం చీటీతో వచ్చిన ఆయన దగ్గర లోపించింది మిషన్ కాదు, ఇంటి తలుపు తట్టి "మందు వేసుకుంటున్నారా?" అని అడిగే మనిషి. వచ్చే ఏడాది మళ్లీ లెక్క చూస్తాం. అవసరం మారితే దారి కూడా మారుస్తాం.

ఈ నెల ఇంట్లోనూ, సంఘ కమిటీలోనూ అడగవలసిన ఐదు ప్రశ్నలు

1. మనం ఎక్కడికి చేరాలి? లెక్కపెడుతున్నది దారినా, గమ్యాన్నా?
2. ఈ కష్టానికి ఎగువన ఏముంది?
3. ఏ మంచి పనికి ఇప్పుడు "కాదు" అనాలి?
4. విత్తనాల మూటను వండేస్తున్నామా?
5. ఎవరి ఒక్కరి భుజం మీద మొత్తం భారం పడుతోంది?

వీటిలో ఏ ఒక్కదానికి మీ జవాబు దొరికినా, కాగితం మీద రాసి ఓపీ కౌంటరు దగ్గరున్న డబ్బాలో వేయండి. మా నిర్ణయం తప్పని మీకు అనిపిస్తే అది కూడా తప్పక రాయండి. మేము చదువుతాం.