కథా? ఆటా? ఏది ముందు?

‘మా గేమ్‌కి అదిరిపోయే కథ రాసుకున్నా’ అంటూ ఇంటర్వ్యూకి బయల్దేరుతున్నారా? ఒక్క నిమిషం! 1984లో పుట్టిన టెట్రిస్‌లో కథే లేదు. అయినా ఇప్పటికీ ఆడుతున్నారు. అలాగని కథ దండగ అనుకోవద్దు. ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ (2013) గుర్తుండిపోయేది జోయెల్, ఎల్లీల అనుబంధంతోనే.

అసలు కిటుకు రెండింటినీ కలపడంలో ఉంది. లూకాస్ పోప్ రూపొందించిన ‘పేపర్స్, ప్లీజ్’ (2013) చూడండి. అందులో మీరు సరిహద్దులో పాస్‌పోర్టులు తనిఖీ చేసే ఉద్యోగి. భర్త పత్రాలన్నీ సరిగ్గా ఉన్నాయి. వెనకే వచ్చిన భార్యకు లేవు. జాలిపడి వదిలేస్తారా? తప్పులు పెరిగితే జీతంలో కోత, ఇంట్లోవాళ్లకు తిండి కష్టం. ముద్ర వేసేది మీరే కాబట్టి ఆ కథ మీదైపోతుంది.

గేమ్ డిజైనర్ కొలువు కావాలంటే నలభై పేజీల కథ పక్కన పెట్టండి. ఉచితంగా దొరికే గోడాట్‌లోనో, ట్వైన్‌లోనో అయిదు నిమిషాల గేమ్ తయారుచేయండి. స్నేహితులతో ఆడించండి. మధ్యలో మీరు నోరు విప్పొద్దు. ఎక్కడ ఆగారో, ఎక్కడ విసుక్కున్నారో రాసుకుని మార్చండి. ఆ మార్పులన్నీ పోర్ట్‌ఫోలియోలో చూపండి. ‘ఇలా ఎందుకు చేశారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే తడుముకోనక్కర్లేదు.