ఫైరింజన్ ఆగి చదివే అంకెలు

మంట కనబడిందంటే నీళ్లు పోయడమే... ఎవరికైనా ముందు తట్టేది ఇదే. కానీ రసాయన ట్యాంకర్ బోల్తా పడితే, వచ్చిన ఫైర్ సిబ్బంది వెంటనే పైపు విప్పరు. దూరంగా ఇంజన్ ఆపి, గాలి ఎటు వీస్తోందో చూస్తారు. తర్వాత ట్యాంకర్ మీది అంకెలు చదువుతారు. చుట్టూ చేరినవాళ్లు 'ఇంకా చూస్తారేంటయ్యా?' అని విసుక్కునేది సరిగ్గా అప్పుడే!

చేవెళ్లకు పొరుగునే ఉన్న షాబాద్ మండలం చందనవెల్లిలో పొలాలున్న చోట ఇప్పుడు పారిశ్రామికవాడ వెలిసింది. ఇలాంటి చోట్లకు వెళ్లే దారుల్లో ఆ అంకెలు తరచూ కంటబడేవే. 1203 పెట్రోలు, 1075 వంటగ్యాసు, 1005 అమ్మోనియా, 1017 క్లోరిన్. ఈ నంబర్లు ప్రపంచమంతటా ఒక్కటే. ప్రమాదకర సరకు మోసే బండికి రెండు పక్కలా, వెనకా దాని పేరు, ప్రమాద గుర్తు, ఆపద వేళ చేయాల్సిన ఫోన్ నంబరు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి.

ఎందుకంత పట్టింపు? అమ్మోనియా నీళ్లలో ఇట్టే కరుగుతుంది కాబట్టి తుంపరలతో తెరకట్టి ఆ వాయువును అణచొచ్చు. క్లోరిన్ సిలిండర్ కారేచోట అవే నీళ్లు పోస్తే ఆమ్లం తయారై చిల్లు ఇంకా పెద్దదవుతుంది. పెట్రోలు నీటిపై తేలుతూ మంటను మురుక్కాలవ దాకా మోసుకుపోతుంది. దానికి నురగే మందు.

ఇక లోపలికి వెళ్లేవాళ్ల సంగతి. ఒంటినిండా వాయువు చొరబడని సూటు, వీపున గాలి సిలిండర్. అది సుమారు అరగంటకే సరి. ఆయాసపడితే ఇంకా ముందే ఖాళీ! అందుకే డ్రిల్లులో లోపలికి వెళ్లడం కన్నా వేళకు వెనక్కి రావడమే ఎక్కువ సాధన చేయిస్తారు. వెళ్లేది ఇద్దరిద్దరుగానే. బయటికొచ్చాక సూటు విప్పకముందే దాన్ని కడగాలి.

ప్రమాదకర రసాయనాలు భారీగా నిల్వచేసే ఫ్యాక్టరీలు ఆరునెలలకోసారి మాక్‌డ్రిల్ చేయాలన్నది భోపాల్ దుర్ఘటన తర్వాత వచ్చిన నిబంధన. అయినా 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. ట్యాంకులో రసాయన చర్యను ఆపే మందును గుజరాత్ నుంచి విమానంలో తెప్పించాల్సి వచ్చింది.

అంకెలే లేనిచోట పరిస్థితి ఇంకా ఘోరం. 2023 నవంబరు 13న హైదరాబాద్ బజార్‌ఘాట్‌లో ఓ అపార్ట్‌మెంటు కింద దాచిన రసాయన డ్రమ్ములు అంటుకుని కనీసం 9 మంది బలయ్యారు. పైన కాపురాలు, కింద డ్రమ్ములు!

ట్యాంకర్ పడిందని 101కు ఫోన్ చేసేవాళ్లు దూరం నుంచే కనబడిన ఆ నాలుగంకెలూ చెబితే చాలు (దగ్గరికెళ్లి చదవక్కర్లేదు). నీళ్లా, నురగా, సూట్లా అన్నది ఇంజన్ స్టేషన్ దాటకముందే తేలిపోతుంది.